సెరోకా కోర్టులో పీపీ కుర్చీ

న్డోలా, జాంబియా

సెరోకా పబ్లిక్ ప్రాసిక్యూటర్ కార్యాలయపు అధికారి గారికి,

న్డోలా నుంచి వకీలు చిలుఫ్యా కపాంబ్వే నమస్కారాలు.

మీ కోర్టుకు పబ్లిక్ ప్రాసిక్యూటర్ కావాలనీ, పొరుగు దేశాల వకీళ్లు కూడా దరఖాస్తు పెట్టుకోవచ్చనీ పేపర్లో చూశాను. నేను ఇన్నేళ్లుగా ముద్దాయిల తరఫునే వాదిస్తున్నాను. గెలుస్తున్నాను కూడా. నా బాధంతా అదే. మొన్న ఒక మేకల దొంగను నిర్దోషిగా బయటికి తెచ్చాను. వాడు నా కాళ్లకు మొక్కి, కళ్లనీళ్లు పెట్టుకుని, వెళ్తూ వెళ్తూ కోర్టు ఆవరణలోనే నా కారు చక్రం ఊడదీసుకుపోయాడు. ఆ పూట ఇంటికి నడుస్తూ నిశ్చయించుకున్నాను, ఒక్కసారైనా బల్లకు అవతలి పక్క నిలబడాలని.

ఒకటే సందేహం. వర్క్ పర్మిట్‌కు స్పాన్సర్‌షిప్ మీరే ఇస్తారా?

విధేయతతో,
చిలుఫ్యా కపాంబ్వే

తా.క.: చక్రం పోయిందని వాడి మీద కేసు పెట్టాను. వాడు తన వకీలుగా నన్నే పెట్టుకుంటానంటున్నాడు.

*

సెరోకా, బోట్స్వానా

కపాంబ్వే గారికి,

దుమెలా ర్రా! మీ ఉత్తరం అందింది. పీపీ గారు బదిలీ మీద వెళ్లిపోయారు కనుక హెడ్ గుమాస్తానైన నేనే జవాబు రాస్తున్నాను.

స్పాన్సర్‌షిప్ అన్న మాట చూసి భయపడ్డాను. పోయిన ఏడాది ఇక్కడి ఫుట్‌బాల్ జట్టుకు స్పాన్సర్‌షిప్ అని చొక్కాలు కుట్టించి, వీపుల మీద ‘నేరం చేస్తే వదలం’ అని రాయించాం. ఆ జట్టువాళ్లు రిఫరీని కొట్టి అందరూ కలిసి మా కోర్టుకే వచ్చారు. రాజధాని నుంచి మాకు చీవాట్లు. మీరడిగే స్పాన్సర్‌షిప్ వేరని మా మేజిస్ట్రేటు సెగామెట్సి గారు చెప్పాక ప్రాణం కుదుటపడింది.

అది ఇస్తాం. అయితే మీ పని చేయగలవాళ్లు ఈ దేశంలో ఎవరూ లేరని మేం పర్మిట్ కమిటీకి రాసివ్వాలి. కనుక ఇక్కడెవరికీ రాని విద్య మీకేముందో వివరంగా రాయండి. త్వరగా రాయండి. కేసులన్నీ వాయిదాల మీద వాయిదాలు పడుతున్నాయి. ముద్దాయిలే విసుక్కుంటున్నారు.

ఇట్లు,
ఒటెంగ్ మొలాట్లెగి

తా.క.: మీ భార్యగారికి కోళ్లు పెంచడం వచ్చా? క్వార్టర్స్ వెనక చోటుంది.

*

న్డోలా

మొలాట్లెగి గారికి,

మీరు దుమెలా ర్రా అన్నారు. మీవైపు అది మగవాళ్లను పలకరించే మాటని తెలుసు. నేను ఆడదాన్నండీ. నాకు భార్యా లేదు, భర్తా లేడు. కోళ్లంటే భయం.

ఇక విద్య సంగతి. దొంగల గురించి నాకు తెలిసినంత మీ దేశంలో ఎవరికీ తెలియదని ధైర్యంగా చెప్పగలను. తాళం ఎలా విప్పాలో, ఎద్దు మీద వాత గుర్తును ఎలా మార్చాలో, పోలీసు అడిగితే ఏ ముఖం పెట్టాలో అంతా నా కక్షిదార్లు నాకు ఓపిగ్గా నేర్పారు. ఇంత చదువు ఏ కాలేజీలో దొరుకుతుంది?

మర్యాదతో,
చిలుఫ్యా

తా.క.: చక్రం దొంగ కేసు నేను తీసుకోలేదు. వాడు నా మీద అలిగాడు.

*

సెరోకా

చిలుఫ్యా గారికి,

దుమెలా మ్మా! పొరపాటుకు క్షమించండి. కోళ్ల ప్రస్తావన కొట్టేశాను.

మీ విద్య గురించి కమిటీకి మీ మాటల్లోనే పంపాను. వాళ్లు దాన్ని నడవడి విచారణకు పోలీసులకు పంపారు. పోలీసులు ‘ఎద్దుల వాతలు మార్చడం వచ్చునని స్వయంగా ఒప్పుకున్నది’ అని ఎర్ర సిరాతో రాసి తిప్పి పంపారు. మీరేం కంగారు పడకండి. నేనే రాజధాని గబరోన్ వెళ్లి కమిటీ గుమ్మం దగ్గర కూర్చుంటాను.

ఈలోగా మీరు చుట్టపుచూపుగా వచ్చి ఊరు చూసుకోండి. కోర్టు ఎదురుగా ఉన్న గెస్ట్ హౌసులో మీ పేరు చెప్పాను. ఒక్కటే మనవి. పర్మిట్ వచ్చేదాకా పని మాత్రం చేయకండి.

ఇట్లు,
ఒటెంగ్

తా.క.: గెస్ట్ హౌసులో ఫానే అనే గొంగళి పురుగుల వేపుడు బాగుంటుంది. వంటమనిషి మీద కేసుంది కానీ అది వంట గురించి కాదు.

*

సెరోకా

ఒటెంగ్ గారికి,

మీరు చెయ్యొద్దన్నదే చేశాను.

ఊరికే చూద్దామని కోర్టులో వెనక బెంచీ మీద కూర్చున్నాను. గొసెగో అనే ముసలమ్మ గాడిదను ఒకడు ఎత్తుకుపోయిన కేసు పిలిచారు. పీపీ కుర్చీ ఖాళీ. “ఇంకెన్ని వాయిదాలివ్వను? ఈసారి కొట్టేయక తప్పదు,” అన్నారు సెగామెట్సి గారు. ముసలమ్మ శాలువతో ముఖం కప్పుకుంది. ఎలా లేచానో తెలియదు, లేచాను.

“అయ్యా, గాడిద మీదైతే పోలీసుల్ని చూసి ఎందుకు పరిగెత్తారు?” అని ముద్దాయిని అడిగాను.

“నేనెక్కడ పరిగెత్తానమ్మా? గాడిద పరిగెత్తింది. నేను దాని మీదున్నానంతే!”

“ఎక్కడికి పరిగెత్తింది?”

“ఇంటికి!”

“ఎవరింటికి?”

వాడు ముసలమ్మ వైపు చూశాడు. కోర్టంతా గొల్లున నవ్వింది. వేరే పని మీద వచ్చిన వలస శాఖ ఆఫీసరు అందరికన్నా గట్టిగా చప్పట్లు కొట్టాడు. తర్వాత దగ్గరికొచ్చి, “చాలా బాగా చేశావమ్మా. పర్మిట్ ఏదీ?” అన్నాడు.

ఇప్పుడు నేను బెయిలు మీదున్నాను. ఊరు దాటకూడదట.

ఇట్లు,
ముద్దాయి చిలుఫ్యా

తా.క.: గాడిద దొంగ లోపల నా పక్కనే కూర్చుని ధైర్యం చెప్పాడు. మొదటిసారి అందరికీ ఇలాగే ఉంటుందట.

*

గబరోన్

చిలుఫ్యా గారికి,

ఏం పని చేశారు మ్మా! కమిటీవాళ్లు కేసు తేలందే పర్మిట్ ఇవ్వమంటున్నారు. పీపీ లేందే కేసు తేలదు. పర్మిట్ ఇస్తే తప్ప మీరు పీపీ కాలేరు. ఈ మాట వివరంగా చెబితే కమిటీ అధ్యక్షుడు తల పట్టుకుని టీ తెప్పించుకున్నాడు.

చివరికి ఒక దారి దొరికింది. మేజిస్ట్రేటు కోర్టులో వాదించడానికి లా పట్టా తప్పనిసరి కాదట. మీ ఒక్క కేసుకు నన్ను పీపీగా వేశారు! కోర్టులో ‘నిశ్శబ్దం’ అన్న మాట తప్ప ఇంకోటి నేను ఎన్నడూ పలకలేదు. మిమ్మల్ని ఏమడగాలో మీరే రాసి పంపండి.

ఇట్లు, వణుకుతూ,
ఒటెంగ్

తా.క.: మరీ కష్టమైన ప్రశ్నలు రాయకండి. మీరు జవాబు చెప్పలేకపోతే నాకు బాధగా ఉంటుంది.

*

సెరోకా

ఒటెంగ్ గారికి,

ప్రశ్నలు జతచేశాను. ఎక్కడ ఆగాలో, ఎక్కడ నా వైపు తిరగాలో కూడా రాశాను. మొహమాటపడకండి. కేసు తేలితే చాలు నాకు.

మీ,
చిలుఫ్యా

తా.క.: నా మీద జాలి చూపించాల్సిన చోటు రాయలేదు. మీకు తోచినచోట చూపించండి.

*

సెరోకా

చిలుఫ్యా గారికి,

మీరు ఎదుటి గెస్ట్ హౌసులోనే ఉన్నా, ఇది ఆఫీసు ఉత్తరం కనుక తపాలాలో పంపక తప్పడం లేదు.

నిన్నటి విచారణ తలుచుకుంటే ఇంకా చెమటలు పడుతున్నాయి. మీ కాగితంలో ఉన్న ‘ఇక్కడ గొంతు పెంచాలి’ అన్నది కూడా చదివేశాను. “పెంచండి మరి,” అన్నారు సెగామెట్సి గారు. దాంతో కాగితం మడిచి జేబులో పెట్టుకుని, నాకు తోచింది అడిగాను. “మ్మా, రేపు మళ్లీ అలాంటి ముసలమ్మ కనబడితే లేస్తారా?” మీరు బోనులోంచి, “లేస్తాను,” అన్నారు. నేరం రుజువైపోయింది.

కోర్టు లేచేదాకా అక్కడే కూర్చోవాలని మీకు శిక్ష వేసి, సెగామెట్సి గారు వెంటనే లేచి వెళ్లిపోయారు. ఎంత మంచావిడ!

ఇక అసలు సంగతి రాయడానికి చెయ్యి రావడం లేదు. నేను కేసు గెలిచానని కమిటీకి తెలిసింది. పీపీ పని చేయగలవాడు దేశంలోనే ఉన్నాడని తేల్చారు. మీ దరఖాస్తు తిరస్కరించారు. కుర్చీ నాకిచ్చారు.

సిగ్గుతో,
ఒటెంగ్ మొలాట్లెగి, పీపీ

తా.క.: కుర్చీలో ఇంకా సరిగ్గా కూర్చోలేదు. అంచు మీదే ఉంటున్నాను.

*

సెరోకా

పీపీ గారికి,

వెనక్కి జరిగి హాయిగా కూర్చోండి. నాకు కోపం లేదు.

నిజం చెప్పనా? బల్లకు అవతలి పక్క నిలబడాలని వచ్చినదాన్ని, బోనులో నిలబడ్డాను. మీరు ప్రశ్న అడిగినప్పుడు, జవాబు నాకు తెలిసి కూడా, నా తరఫున మాట్లాడేవాళ్లు ఎవరైనా ఉన్నారేమోనని చుట్టూ చూశాను. ఒక్కరూ లేరు. ఇన్నేళ్లు నేను చేసిన పనేమిటో అప్పుడు తెలిసింది.

ఈ జిల్లాలో ముద్దాయిల తరఫున వాదించేవాళ్లే లేరట. ఉచిత న్యాయ సహాయం వాళ్లు నన్ను తీసుకుంటామన్నారు. శిక్ష అనుభవించేశాను కనుక అభ్యంతరం లేదన్నారు. పర్మిట్ నిన్ననే చేతికొచ్చింది. ఇక్కడ అలాంటి మనిషి మరొకరు లేరని పీపీ సంతకం చేసివ్వాలి కదా? చేశారుగా మీరు! కుర్చీ ఎక్కిన రోజు, కొత్త పెన్ను సంబరంలో, కట్ట మొత్తం చదవకుండా సంతకాలు పెట్టారు. నా స్పాన్సర్ మీరేనండీ.

సోమవారం కోర్టులో కలుద్దాం. నేను మీకు ఎదురుగా ఉంటాను.

మీ స్నేహితురాలు,
చిలుఫ్యా

తా.క.: నా మొదటి కక్షిదారు మీ బావమరిది. అతని మీద వాదించేది మీరేనని మీ ఆవిడకు పొద్దున్నే తెలిసింది. ఇంటికి కాస్త మెల్లగా వెళ్లండి.