వెనక స్ప్రింగులు, వదిన నడుము

మార్చి 3, సోమవారం. ఉదయం 6.10
నేటి నుంచి నా కారు వెనక స్ప్రింగుల బాధ్యత నాదే. మెకానిక్‌ది కాదు. నిన్న అతను కారు చుట్టూ ఒకసారి తిరిగి, "షాక్ అబ్జార్బర్లు, స్ప్రింగులు, బుష్‌లు, అన్నీ మార్చాలమ్మా" అని ఓ అంకె చెప్పాడు. ఆ డబ్బుకు ఇలాంటి కారే ఇంకోటి వస్తుంది, డ్రైవరుతో సహా. నా జీవితమంతా బడిలో భౌతికశాస్త్రం చెప్పాను. స్ప్రింగు నాకు కొత్తా?

విషయం ఇదీ. మా వదినకు, అంటే మా ఆయన అక్కయ్యకు, నడుం నొప్పి. ఆయన పోయాక ఈ ఇంట్లో మేమిద్దరమే. ప్రతి గురువారం ఆవిడను ఫిజియోథెరపీకి తీసుకెళ్తాను. అక్కడ తగ్గిన నొప్పి ఇంటికొచ్చేలోగా రెట్టింపు. స్పీడ్ బ్రేకర్ వస్తే చాలు, వెనక సీట్లోంచి కేక. నిన్న తేల్చి చెప్పింది: "ఇంకో రెండు గురువారాలు చూస్తాను మరదలా. ఆపైన పక్క ఊరు, మా అమ్మాయి దగ్గరికి పోతాను. వాళ్ళింటి పక్కనే ఆస్పత్రి."
"మీ ఇష్టం" అన్నాను.
నిద్ర పట్టలేదు. కాఫీ ఎక్కువైనట్టుంది.

మార్చి 4, మంగళవారం
చూడ్డానికొచ్చిన మనవరాలు తన ఫోన్లో వీడియో చూపించింది. స్ప్రింగు చుట్ల మధ్య రబ్బరు బఫర్ దూరిస్తే కారు వెనక భాగం పైకి లేస్తుందట. ఎంత చవక! కావలసినవి: జాకీ, సబ్బు నీళ్ళు, రెండు చేతులు. మూడూ ఇంట్లోనే ఉన్నాయి.
"నానమ్మా, దీంతో ఇంకా గట్టిపడుతుందేమో. కింద ఎవరో రాశారు చూడు."
"రాసేవాళ్ళకు పనుండదు. చేసేవాళ్ళకు రాసే తీరికుండదు" అన్నాను. ఇప్పుడు రాస్తున్నాను. అది వేరు.

మార్చి 5, బుధవారం
9.00 కారు జాకీ మీద. ముందు చక్రాలకు ఇటుకలు అడ్డం.
9.40 బఫర్‌కు సబ్బు రాశాను. బాగా జారింది.
9.41 గేటు దాకా జారింది.
11.30 ఒకటి ఎక్కింది!
1.15 రెండోది కూడా. భోజనం లేదు.
వదిన వరండాలో కుర్చీ వేసుకుని చూస్తూనే ఉంది. "స్నానం కారుకా, నీకా?"
4.00 టేపుతో కొలిచాను. వెనక నాలుగు సెంటీమీటర్లు లేచింది. విజయం!

మార్చి 6, గురువారం
పక్కనుంచి చూస్తే కారు ఎవరికో వంగి దండం పెడుతున్నట్టుంది. వినయం మంచిదే.
మొదటి స్పీడ్ బ్రేకర్: వదిన తల పైకప్పుకు తగిలింది.
రెండోది: మళ్ళీ తగిలింది.
మూడోదానికి ముందే తల పట్టుకుని కూర్చుంది.
ఫిజియోథెరపిస్టు అడిగాడు: "ఎక్కడైనా పడ్డారా అమ్మా?"
"పడలేదు నాయనా. ఎగిరాను."
రబ్బరు కొత్తది కదా. సర్దుకోవాలి. కొత్త చెప్పులు మాత్రం కరవవా?

మార్చి 9, ఆదివారం
రబ్బరు సర్దుకోలేదు. కానీ ఉపాయం తట్టింది. బండిలో బరువు పెరిగితే కుదుపు తగ్గుతుంది. దీన్ని ఏటా పరీక్షలో అడిగేదాన్ని. పక్క వీధిలో ఇల్లు కడుతున్న మేస్త్రీ ఇసుక బస్తాలు ఊరికే ఇచ్చాడు, డిక్కీలో కూడా ఎక్కించాడు.
"ఏం కడుతున్నారమ్మా?"
"కారు" అన్నాను. ఇంకేమీ అడగలేదు.
ఖర్చు సున్నా. ఎంత అందమైన అంకె!
సాయంత్రం కొలిచాను. కారు సరిగ్గా బఫర్లు పెట్టకముందున్న ఎత్తుకే దిగింది. ఇంత శ్రమపడి ఇంత కచ్చితంగా మొదటికి రావడం అందరి వల్లా కాదు.

మార్చి 11, మంగళవారం
పని జరగలేదు. కారణాలు: ఎండ. భుజం నొప్పి. రెంచి కనబడలేదు. (కనబడింది. చూడనట్టు ఊరుకున్నాను.)

మార్చి 13, గురువారం
తల తగల్లేదు. సైలెన్సర్ తగిలింది. ప్రతి స్పీడ్ బ్రేకర్‌కూ. చివరిదాని దగ్గర ఊడి వేలాడింది. తీగతో కట్టాను. వదిన నడుం పట్టుకుని కూర్చుంది కానీ ఒక్క మాట అనలేదు. ఆవిడ ఏమీ అనకపోతేనే నాకు భయం.
ఇంటికొచ్చాక సూట్‌కేసు దించమంది. దించాను. దుమ్ము కూడా తుడిచి ఇచ్చాను. మన మర్యాద మనది.

మార్చి 15, శనివారం
స్ప్రింగుల తీర్మానం రద్దు. పనిముట్లు అటకెక్కాయి. రేపు వదిన వెళ్తే ఇక టీవీ రిమోట్ నాదే. వార్తల మధ్యలో సీరియల్ పెట్టేవాళ్ళుండరు. ఆవిడ గదిలో పుస్తకాలు పెట్టుకుంటాను. ఎంత హాయి!
ఏ పుస్తకాలు పెట్టాలో ఇంకా తోచలేదు.

మార్చి 16, ఆదివారం
8.00 వాళ్ళమ్మాయి ఊరికి బయల్దేరాం. డిక్కీ నిండా ఇసుక. ఒక బస్తా కదపబోతే నా నడుమే పట్టేసింది. కాబట్టి సూట్‌కేసు, మందుల సంచి, వాలుకుర్చీ అన్నీ వెనక సీట్లో. ఆవిడ నా పక్కన.
నా కారులో ముందు సీట్లో ఎవరూ కూర్చోరు. లైసెన్సు వచ్చిన నాటి నుంచి అదే నియమం. పక్కన మనిషి ఉంటే దృష్టి చెదురుతుంది. మా ఆయన్ను కూడా వెనకే కూర్చోబెట్టాను. ఇవాళ ఒక్కరోజుకే మినహాయింపు.
మొదటి స్పీడ్ బ్రేకర్. సైలెన్సర్ గీసుకుంది. కేక లేదు. రెండోది. లేదు. ఆవిడకు స్పృహ ఉందా అని పక్కకు తిరిగాను.
"రోడ్డు చూడవే."
పెద్ద గుంట. పళ్ళు బిగపట్టి దింపాను.
"మరదలా, బండి ఆపు."
ఆపాను.
"నొప్పి రాలేదు."
నేను హ్యాండ్ బ్రేక్ వేశాను.
"ఇక్కడ కూర్చుంటే రాదన్నమాట. నన్ను వెనక పడేసి, నువ్వు కారు కింద పడుకుని ఇన్నాళ్ళూ ఏం చేశావు?"
"స్ప్రింగులు..."
"బళ్ళో పిల్లలకూ ఇలాగే చెప్పావా? పాపం."
వెనక బస్సు హారన్ కొడుతోంది.
"వెనక్కి తిప్పు" అంది. "పాలు బయటే వదిలేసి వచ్చాం."
పాలు ఫ్రిజ్‌లో ఉన్నాయి. పెట్టింది నేనే. తిప్పాను.

మార్చి 20, గురువారం
వదిన ముందు సీట్లో. నొప్పి లేదు. మాటలున్నాయి. "గేరు మార్చు." "ఇంత నెమ్మదా?" "ఏమంత తొందర?" "ఆ స్కూటరువాణ్ణి చూశావా, చూడలేదా?" "మా తమ్ముడు వెనక కళ్ళు మూసుకుని ఎందుకు కూర్చునేవాడో ఇప్పుడు తెలిసింది."
ఫిజియోథెరపిస్టు సంతోషంగా చెప్పాడు: నడుం తేలికపడుతోంది, ఇలాగే ఇంకో ఏడాది వస్తే చాలు.
ఏడాది!
5.30 పనిముట్లు అటక దిగాయి. రేపు ఉదయం తొమ్మిదికి కారు మళ్ళీ జాకీ ఎక్కుతుంది. ఇసుక తీసేస్తాను, రబ్బరు పీకేస్తాను, షాక్ అబ్జార్బర్లు కొత్తవి తెచ్చి నేనే బిగిస్తాను. ఆ వెనక సీటును పట్టుపరుపు చేసి, ఆవిడను అందులోకి పంపకపోతే అప్పుడు అడగండి!
ఆవిడకూ చెప్పాను.
"చెయ్యి, చెయ్యి" అంది. "ఈసారి దగ్గరే కూర్చుని చూస్తాను. జాకీ పెట్టడం కూడా సరిగ్గా రాదు నీకు."