పాత పశువుల దవాఖాన ఖాళీయేనా

ఎర్రవాగుపేట,
శివరాత్రి తెల్లారి

చిరంజీవి నర్మదకు పెద్దబాపు లక్ష్మీరాజం దీవించి రాసేది. మీ పెద్దమ్మ మోకాళ్లు తప్ప ఇంట్ల అన్నీ మంచిగనే ఉన్నయి.

ఫోన్ చెయ్యక ఉత్తరమెందుకంటవు. నా చెవులు ఫిరంగుల కాడనే పోయినయని నీకెరికే. నువ్వు ఫోన్ల చెప్పేది నాకు తప్ప వాడకట్టంత ఇనవడ్తది. అదిగాక నోటి మాట మాటనే, రాసిస్తెనే ఆర్డర్.

సంగతేందంటె, గీ ఊర్ల మాజీ సైనికులం కూసునేటందుకు జాగ లేదు. ఇన్నేండ్లు బస్టాండు కాడి చాయ హోటల్ బల్ల మీద ఎల్లదీసినం. ఒక్క చాయ తాగి రెండు లడాయిలు చెప్తరని హోటలాయన బల్ల తీసి లోపలేసిండు. మా సంగతి పోనీ. మాతోటి నౌకరి చేసిన కొమురెల్లి మొన్న దసరాకు పోయిండు గద. ఆయన భార్య రోజారాణి పింఛన్ కాయితాలు పట్టుకొని నా దగ్గరికి వస్తది. నా స్కూటర్ సీటు మీద పెట్టి నింపుతున్న. బస్టాండంత చూస్తుంటె "మొగడెప్పుడు పోయిండు, ఎట్ల పోయిండు" అని ఆమెను అడుగుడు నాకు మనసొప్పుతలేదు. ఆమెసొంటోళ్లు ఇంకా ఉన్నరు. మొన్న ఆమెనే అన్నది: "అన్నా, తలుపున్న జాగ ఒకటి దొరికితె బాగుండు. జర ఏడ్చుకుంట చెప్పుకోవచ్చు."

మున్సిపల్ ఆఫీసు ఎనక పాత పశువుల దవాఖాన ఉన్నది. కొత్తది కట్టినంక దానికి తాళమేసే దిక్కు కూడ లేదు. మేం అడిగినం. ఛైర్మన్ బామ్మర్ది భానుప్రసాద్ కూడ తన టెంట్‌హౌజ్ సామాన్లకు అడుగుతుండట. బడ్జెట్ మీటింగుల తేలుస్తరట. నువ్వు కరీంనగర్ల మున్సిపాలిటీల బడ్జెట్లు చూసే సెక్షన్లనే ఉన్నవు. ఏం జెయ్యాలె రాయి. ఎట్ల రాస్తె అట్ల, అక్షరం తప్పం.

నీ క్షేమం కోరే
పెద్దబాపు, రిటైర్డ్ సుబేదార్

తా.క.: దవాఖాన పోయి ఇన్నేండ్లయినా, పానం బాగలేకుంటె కొన్ని బర్లు అలవాటుకొద్ది వాటంతటవే వచ్చి ఆ సూదులేసే ఇనుప చట్రంల నిలవడ్తున్నయి. మున్సిపాలిటి మీద నమ్మకం మిగిలింది వాటికే.


కరీంనగర్,
ఆదివారం

పెద్దబాపుకు దండాలు పెట్టి నర్మద రాస్తున్నది.

నీ ఉత్తరం చూసి మా హాస్టల్ వార్డెన్ "ఎవరికేమైంది?" అని నీళ్ల గ్లాసు తెచ్చింది. ఈ కాలంల కవరు వస్తె కోర్టు నోటీసో, చావు కబురో అనుకుంటరు.

మీ ఊరి బడ్జెట్ నా టేబుల్ మీదికే వచ్చింది. దాంట్లో "ఖాళీ ఆస్తుల పునర్వినియోగం" అని ఒక పద్దు ఉన్నది. కొంచెం కిందికి "మాజీ సైనికుల సేవలు" అని ఇంకొకటి ఉన్నది. దాని ఎదురుగ పోయినేడు అడ్డగీత గీసిన్రు. ఈ ఏడు ఆ గీతనే జర పొడుగు చేసిన్రు. ఈ రెండు పద్దులను కలపగలిగితె మీ పని అయినట్టే. ఖాళీ బిల్డింగు ఉంటె నలుగురికి పనికొచ్చేటోళ్లకే ముందు ఇయ్యాలని రూలున్నది.

మా విద్యాధర్ సారు తనిఖీకి వస్తడు. ఆయన చూసిందే రాస్తడు, చూడంది రాయడు. మధ్యాహ్నం డబ్బా తేవంగనే మాకందరికీ పప్పు వాసన వస్తది. ఆయన మాత్రం మూత తీసి చూసినంకనే "పప్పు" అంటడు. కాబట్టి బిల్డింగు జర సాఫ్ చేసి, మీకు దానిమీద శ్రద్ధ ఉన్నదని తెలిసేటట్టు ఉంచండి. అంతకన్న ఏమొద్దు.

గ్రూప్స్ పరీక్ష మళ్లీ వాయిదా పడ్డది. ఈ ఫైళ్ల మధ్య నాకు పిచ్చి లేస్తున్నది. నీ పనన్న అయితె జర ఊపిరాడుతది.

నీ బిడ్డ
నర్మద

తా.క.: సాఫ్ చెయ్యమన్న గాని లడాయి చెయ్యమనలే. పైన "జర" అన్న మాట కింద గీత గీసిన, చూడు.


ఎర్రవాగుపేట,
శుక్రవారం

బిడ్డ నర్మదకు దీవెనలు. హుకుం అందింది. అమలయింది.

గోడలకు సున్నం కొట్టినం. తొవ్వకు రెండు దిక్కుల ఇటుకలు ఏటవాలుగ పాతి ఎర్రజాజు, సున్నం పట్టెలు ఏసినం. జెండా కట్టె నిలబెట్టినం. గేటు కాడ మాతోటి నౌకరి చేసిన బుచ్చిరాములును కర్రతోటి కాపలా పెట్టిన. మన అంతయ్య మిలిట్రిల కంచరగాడిదలను చూసుకున్నోడు గద, లోపటికి వచ్చిన బర్లకు మందు తాపిండు. ఆ మాట ఊర్లె తెలిసి ఇంకిన్ని బర్లొచ్చినయి.

విద్యాధర్ సారు ఆటోల దిగిండు. పాస్ లేదని బుచ్చిరాములు ఆపిండు. "నేను తనిఖీ ఆఫీసర్ని" అంటె, "దుష్మన్ గూడ గట్లనే అంటడు" అని యాపచెట్టు కింద కూసోబెట్టిండు. నేనొచ్చి విడిపించిన. చాయ తాగిపిచ్చినం. అంతా కలెదిరిగి రాసుకున్నడు. "ఇంత మంచిగ నడిచే జాగ నేనెక్కడ చూడలే" అన్నడు. మన పని ఫతే. రోజారాణికి కూడ చెప్పిన.

నీ
పెద్దబాపు

తా.క.: "జర" కింద గీత చూసిన. అంత ఒత్తి గీసినవంటె గట్టిగ చెయ్యాలని సమజయింది.


కరీంనగర్,
మంగళవారం

పెద్దబాపుకు నర్మద దండాలు.

కొంప మునిగింది. సారు రాసింది ఉన్నదున్నట్టు దింపుతున్న: "సదరు భవనము ఖాళీగా లేదు. గేటు వద్ద కట్టుదిట్టమైన కాపలా కలదు. లోపల పశువైద్యము జోరుగా జరుగుచున్నది. కావున దీనిని ఖాళీ ఆస్తుల నుండి తొలగించవచ్చును."

సమజయిందా? ఖాళీ బిల్డింగు మీకు ఇయ్యాలంటె ముందు అది ఖాళీగ ఉండాలె. మీరు అడిగే ఇంట్ల మీరే కూసుంటె ఇంక ఇచ్చేదేంది? పైగ సారు నన్ను పిలిచి, ఎర్రవాగుపేటల ఏ పటాలం దిగిందని అడిగిండు.

కాళ్లావేళ్లా పడి, "అది నిజంగ ఖాళీనే సార్, ఆ రోజేదో సంబురమున్నట్టుంది" అన్న. వచ్చే గురువారం మళ్లీ చూస్త అన్నడు. ఈసారి అది ఖాళీగ కనపడాలె. మనిషి జాడ ఉండొద్దు. జెండా కట్టె, ఇటుకలు, బుచ్చిరాములు బాబాయి, ఏదీ కనపడొద్దు.

తొందరల
నర్మద

తా.క.: బర్లకు కూడ చెప్పండి.


ఎర్రవాగుపేట,
గురువారం, పొద్దుగూకినంక

బిడ్డ నర్మదకు పెద్దబాపు దీవెనలు.

కనవడకుండ ఉండుడు మాకు నేర్పియ్యాల్నా? ఆ పని మీదనే సర్కారు మాకు ఇన్నేండ్లు బువ్వ పెట్టింది.

సున్నం మీద మసి పూసినం. సగం పెంకలు తీసి బాయి పక్కన దాసినం. తలుపు పీకి గడ్డివాము కింద పెట్టినం. బుచ్చిరాములు వాళ్ల బట్టలు నేసే సాంచాల షెడ్డు మూతబడి ఎన్నేండ్లాయె, అక్కడి బూజు పుల్లలకు చుట్టి తెచ్చి మూల మూలకు అతికిచ్చినం. చిరగకుండ తెచ్చుడు శాన కష్టం. అంతయ్య పాత సంచి కప్పుకొని పెంకల కుప్పల పండుకున్నడు. బుచ్చిరాములు ఒంటికి తుమ్మ కొమ్మలు కట్టుకొని గోడ పక్కన చెట్టయి నిలవడ్డడు.

ఎందుకు దాక్కున్నరు, ఇంటికి పోవద్దా అంటవేమో. జాగ వదిలిపెట్టి పొమ్మని నువ్వు రాయలే. కనవడొద్దన్నవు, అంతే.

సారు వచ్చిండు. అంతయ్య చెయ్యి మీద బూటుతోటి నిలవడి శానసేపు రాసుకున్నడు. అంతయ్య కిక్కురుమనలే. సారు "అయ్యో, పోయినసారి ఎట్లుండె, ఎట్లయింది" అని కండ్లు ఒత్తుకున్నడు. మనిషి మంచోడు.

నీ
పెద్దబాపు

తా.క.: పోయే ముందు సారు జర ఇటు అటు చూసి ఒంటేలుకు చెట్టు చాటుకు పోయిండు. ఆ చెట్టు బుచ్చిరాములు. కదలలే. ఆయనకు మెడల్ ఇయ్యాలని మేం తీర్మానం చేసినం.


కరీంనగర్,
శనివారం

పెద్దబాపూ,

దండాలు తర్వాత పెడుత. ముందు ఇది చదువు: "భవనము శిథిలమైనది. ఏ క్షణమైనా కూలును. ప్రజల ప్రాణరక్షణ నిమిత్తము వెంటనే కూల్చి, స్థలమును లీజుకు ఇవ్వవచ్చును."

లీజు ఎవరికో నేను చెప్పక్కర్లేదు. భానుప్రసాద్ అప్పుడే మీ మున్సిపాలిటీల మిఠాయి పంచిండట. రోజారాణి చిన్నమ్మ తలుపున్న జాగ అడిగింది. నువ్వు తలుపే పీకి గడ్డివాము కింద పెట్టినవు. నీ మీద కోపం రాసుకుంటె ఇంకో రెండు కాయితాలు పడుతయి.

ఇంక ఒక్కటే దారి ఉన్నది. సోమవారం మీ ఊర్లెనే బడ్జెట్ మీటింగు. కమిషనర్ లీలాబాయి మేడం న్యాయంగ వినే మనిషంటరు. విద్యాధర్ సారు ఫైలు తీసుకొని వస్తడు. కూల్చేదీ లేనిదీ ఆ రోజే తీర్మానం. ఈసారి ఏ వేషం వద్దు. పెంకలు ఎక్కడివి అక్కడ కప్పి, తలుపు బిగించి, రోజూ స్కూటర్ మీద చేసే పనే లోపల కూసొని చెయ్యండి. ఎవలు చూసినా, చూడకున్నా. అంతే. ఈసారి ఏ మాట కింద గీత గీస్తలేను. టపాల ఏస్తె సోమవారంలోపట అందదని ఈ కాయితం బస్సు డ్రైవరుతోటి పంపుతున్న.

నర్మద

తా.క.: సారు రిపోర్టుల ఇంకో లైను రాసి కొట్టేసిండు. దీపం ముందర పట్టి చదివిన: "ఆవరణలోని ఒక చెట్టు నా వైపు చూసినట్లనిపించినది." చూసిందే రాసేటాయన, అనిపించింది రాసుడు ఇదే మొదలు.


కరీంనగర్,
బుధవారం

పెద్దబాపూ, జవాబు లేదేంది? సోమవారం ఇక్కడ కూడ వడగండ్లు పడ్డయి. విద్యాధర్ సారు తడిసి ముద్దయి వచ్చిండు, టిఫిన్ డబ్బా అక్కడే మరిచిండు. సీట్ల కూసొని తనల తనే నవ్వుతుండు. అడిగితె "చూసినమ్మా, చూసిన" అంటడు గాని ఏం చూసిండో చెప్తలేడు. బిల్డింగు ఉన్నదా, పోయిందా? ఒక్క ముక్క రాయి.

పరేషాన్ల ఉన్న
నర్మద

తా.క.: నిన్న ఫోన్ చేసిన. బిల్డింగు సంగతేందంటె "ఆఁ, తిన్న" అని పెట్టేసినవు.


ఎర్రవాగుపేట,
శనివారం

చిరంజీవి నర్మదకు పాత పశువుల దవాఖాన నుంచి, లోపట కూసొని, పెద్దబాపు దీవించి రాసేది.

ఫికర్ చెయ్యకు. అంతా నువ్వు రాసినట్టే చేసినం. ఆదివారమే పెంకలు కప్పి తలుపు బిగించినం. సోమవారం రోజారాణి, ఇంకిద్దరు ఆడోళ్లు వచ్చిన్రు. తలుపు దగ్గరికేసినం. రోజారాణి ఇంత సేపు ఏడ్చింది. మేం గోడ దిక్కు చూసుకుంట కూసున్నం. తర్వాత ముఖం కడుక్కొని "ఇగ రాయన్నా" అని కొమురెల్లి సంగతి మొదటి నుంచి చెప్పింది. మాకు తెల్వని ముచ్చట్లు శాన ఉన్నయి.

గంతల్నే వడగండ్లు షురువైనయి. నిమ్మకాయలంతటియి. ముంగట మున్సిపల్ ఆఫీసు మీటింగు హాలు రేకులది గద, సగం రేకులు పగిలినయి. భానుప్రసాద్ ఉరికి తన టెంటు తెప్పిచ్చి మీద కట్టవోతె, గాలికి అది వాగు దాటిపోయింది. ఛైర్మన్ నెత్తి మీద బడ్జెట్ కాయితాలు పెట్టుకొని బయట పడ్డడు. దగ్గరల ఉన్న నీడ మాదే. మేడం, మెంబర్లు, విద్యాధర్ సారు, ఆఖరుకు భానుప్రసాద్, అందరు మా తలుపు కొట్టిన్రు. బుచ్చిరాములు పాస్ అడగవోతె నేనే ఆపిన.

ఒక్క చుక్క కారలే. విద్యాధర్ సారు మీదికి పెంకల దిక్కు చూసిండు. చేతిల "ఏ క్షణమైనా కూలును" అన్న కాయితం చూసిండు. మెల్లగ నడి అర్రలకు జరిగి నిలవడ్డడు. తర్వాత పెన్ను తీసి మొత్తం కొట్టేసిండు.

మేడం రోజారాణిని "ఇక్కడ ఏం చేస్తున్నరమ్మా?" అని అడిగింది. రోజారాణి "మా పింఛన్ పని మేడం. స్కూటర్ మీద అయితె ఏడ్వనీకి రాలే, గిక్కడ మంచిగున్నది. చాయ తాగుతరా?" అన్నది. మేడం చాయ తాగింది. తాగినంక బడ్జెట్ ఇక్కడనే చదువుండ్రి అన్నది. మందులపెట్టె మీద కూసొని ఛైర్మన్ చదివిండు. బిల్డింగు పద్దు వచ్చేసరికి బయట వడగండ్లు ఇంకా గట్టిగ కొడుతున్నయి. ఉన్న నీడను కూల్చాలని ఎవలు చెయ్యెత్తుతరు బిడ్డా? మాకే ఇస్తమని అందరు ఎత్తిన్రు. చాయ కప్పు పట్టుకున్న చెయ్యే భానుప్రసాద్ కూడ ఎత్తిండు. నీకు ఓటు లేదని ఛైర్మన్ దించిపిచ్చిండు.

గిది అయిందా, తెల్లారి మేడం మాకు కాయితం పంపింది. వాళ్ల ఆఫీసు రేకులు ఏసేదాక రెండు అర్రలు ఇయ్యుండ్రి అని. కష్టంల ఉన్నోళ్లను కాదనేటోళ్లం కాదు. అయితె రూలు రూలే గద, నువ్వే నేర్పినవు. దరఖాస్తు పెట్టుకోమన్నం. అంతయ్యను, బుచ్చిరాములును తనిఖీకి తోలిన. అన్నం తిన్నంక ఎండపూట, రేకులు పగలని దిక్కున్న అర్రలు చూసి వచ్చిన్రు. చూసిందే రాసినం, చూడంది రాయలే: "సదరు కార్యాలయమున ఫ్యాన్లు తిరుగుచున్నవి. కుర్చీల మీద తువ్వాళ్లు కలవు. మనుషులు లేరు. పూర్తిగ ఖాళీ. కావున దీనిని ఖాళీ ఆస్తులలో చేర్చి, పనికొచ్చేటోళ్లకు ఇయ్యవచ్చును."

ఒక కాపీ మేడంకు, ఒకటి మీ సెక్షనుకు పంపినం. రేపో మాపో నీ టేబుల్ మీదికి వస్తది. మేడం చదివి నవ్విందట. ఆ మధ్యాహ్నం సంది ఆ కుర్చీలల్ల మనుషులు కనవడ్తున్నరట. అర్రలు మాత్రం ఇచ్చినం, ఎడమ దిక్కువి. సారు డబ్బా మాకాడనే ఉన్నది. మూత తీసి చూసినం, పప్పే. కడిగి పెట్టినం.

వీలు చూసుకొని రా. నీకు పాస్ అక్కర్లేదు.

నీ
పెద్దబాపు

తా.క.: తనిఖీ నుంచి వచ్చేటప్పుడు బుచ్చిరాములు వాళ్ల ఆఫీసు ఎనక చెట్టు చాటుకు పోయిండు. "లోపట ఎవలన్న నౌకరి చేస్తున్నరా?" అని రెండుసార్లు అడిగి, జవాబు రానంకనే పని కానిచ్చిండు.