గోడౌన్‌లో మిగిలిన పసుపు

మంగళవారం రాత్రి

పసుపు మార్కెట్లో మాకు పోటీదారైన నారాయణప్ప పొద్దున హూడిలోని మా గోడౌన్‌కు వచ్చాడు. సరుకు తెస్తున్న ఆయన లారీ కృష్ణగిరి దగ్గర చెడిపోయిందట.

"సాయంత్రానికి నా బేరగాడికి వంద బస్తాలు పంపాలమ్మా. మన ఒప్పందం ఉండాది కదా."

ఒకరికి సరుకు తగ్గితే మరొకరు అప్పుగా ఇవ్వాలన్న ఆలోచన నాదే. కాదనలేక షట్టర్ తీశాను. లోపల ఉన్నవి నూట ఇరవై బస్తాలే. మార్కెట్లో అందరూ మా దగ్గర వేలల్లో ఉన్నాయనుకుంటున్నారు.

ఆయన బస్తాల వరుసలు లెక్కపెట్టాడు.

"యాభై చాలు తల్లీ. మిగతావి ఇంకెక్కడన్నా చూసుకుంటాలే."

సరుకు ఇంత తక్కువున్నందున రేపటి పసుపు వేలంలో నేను ఎంతకైనా కొనక తప్పదని ఇప్పుడు ఆయనొక్కడికే తెలుసు. నాకు పోటీగా పాడి ధర పెంచుతాడేమో. అయినా, అడిగిన వందలో యాభై నాకే వదిలేసి వెళ్ళిన మనిషి గురించి ఇలా అనుకోవడానికి సిగ్గుగానే ఉంది.