పన్నెండో నంబరు పట్టీ

సిద్దిపేట, జులై 8

నాట్ల ముఠా పెద్ద కొండవ్వ గారికి నమస్కారం.

రైతు ఫోన్ చేస్తే మా కంపెనీయే కూలీలను పంపి నాట్లు వేయించే కొత్త పద్ధతి మీ కొండపాకలో మొదలైంది. ఎవరు ఎన్నిసార్లు వంగారో మీ పన్నెండు మందికి మేం కట్టించిన చేతి పట్టీలు లెక్కపెట్టి మాకు చూపిస్తాయి. పన్నెండో నంబరు బాలవ్వ ఒక్కసారి కూడా వంగలేదు. ఆమెను తీసేయండి. లేకుంటే ఈ వానాకాలం పని వేరే ముఠాకు ఇస్తాం.

ఇట్లు,
క్రాంతి, మేనేజర్

తా.క.: నా మీద కోపం వద్దు. లెక్క మిషన్‌ది.

కొండపాక, జులై 10

క్రాంతి సారుకు కొండవ్వ దండాలు.

ఫోన్ జేస్తే ఒకటి నొక్కు, రెండు నొక్కు అంటున్నది. అందుకే ఉత్తరం. బాలవ్వ నడుము పోయి మూడేండ్లాయె. గట్టు మీద కూసొని పాట ఎత్తుతది, మేం అందుకుంటం. ఆ పాటకే అందరం ఒక్కతీరు ఎనుకకు అడుగేస్తం. చిన్నప్పుడు మా అవ్వ పక్కన నిలవడి బాలవ్వ పాటకే నాటు నేర్చిన సారూ. గసొంటి మనిషిని ఎట్ల పొమ్మంటం?

మీ కొండవ్వ

తా.క.: పట్టీ వంగాలె, గంతేగదా? వంగుతది తియ్.

సిద్దిపేట, జులై 14

కొండవ్వ గారికి అభినందనలు!

పన్నెండో నంబరు ఒక్కరోజులో తొమ్మిది వేల సార్లు వంగారు! అన్ని ముఠాల్లో మొదటి స్థానం. శుక్రవారం శాలువా కప్పడానికి వస్తున్నాను. ఆమె పద్ధతి మిగతా ముఠాలకూ నేర్పిద్దాం.

సంతోషంతో,
క్రాంతి

తా.క.: ఇంటికి పోయాక కూడా వంగుతూనే ఉన్నారు. ఆరోగ్యం చూసుకోమనండి.

కొండపాక, జులై 16

సారూ, నీకు దండం పెడ్త, రావద్దు.

అబద్ధం నాకు అరగదు. ఆ పట్టీ మా ముఠాల మల్లమ్మ కోడిపెట్ట మెడకు కట్టినం. గింజకో వంగుడు వంగింది. తప్పు నాది, బాలవ్వను ఏమనకు. మొన్న ఆమెను ఇంట్ల ఉండుమని చూసినం. దినాం నాలుగెకరాలు నాటెటోళ్లం, మూడు దాటలె. ఎవరి చెయ్యి వాళ్లదే అయింది. ఇగ పని ఉంచుతవో తీస్తవో నీ దయ.

భయపడుకుంట,
కొండవ్వ

తా.క.: కోడి ఇప్పుడు గుడ్ల మీద కూసున్నది. మూడు వారాలు లేవదు. మిషన్‌కు సెలవు చీటి ఎట్ల రాయాలె?

సిద్దిపేట, జులై 25

కొండవ్వా, దండాలు.

నువ్వు వద్దన్నా శుక్రవారం వచ్చిన. మీకు కానరాకుండ అవతలి గట్టు మీద నిలవడ్డ. బాలవ్వ పాట ఎత్తంగనే నా కాళ్లు ఆడనే ఆగినయి. మా అమ్మ మా ఊరు బెజ్జంకిల గదే పాటకు నాట్లేసేది. నన్ను గట్టు మీద గొంగడిల పండవెట్టేది. ఆమె పోయి ఆరేండ్లాయె, పాట మర్చిపోయిననుకున్న. ఏడ్చిన కొండవ్వా, దాచుడెందుకు.

పాట లేకుంటె దినాం ఎకరం తగ్గుతున్నదని పెద్దసార్లకు రాసిన, ఒప్పుకున్నరు. ఇగ మనిషి లెక్క లేదు, ముఠా ఎన్నెకరాలు నాటిందో గదే లెక్క. పన్నెండో పేరు బాలవ్వదే. శాలువా గూడ ఆమెకే పంపుతున్న.

నీ కొడుకసొంటి
క్రాంతి

తా.క.: నా చేతికి గూడ పట్టీ ఉన్నది. ఆ దినం గట్టు మీద రెండు గంటలు కదలలేదని హెడ్డాఫీసు నాకు నోటీసిచ్చింది. గుడ్లు పిల్లలైనంక ఆ కోడిని ఒక్క వారం పంపుతవా?