ఆరు వందల పదకొండు ఖాళీ గడులు

ఎమ్మిగనూరు, 12-6-1983

ప్రియమైన కృష్ణకుమారీ,

మగ్గాల వీధుల సర్వే ఫారాలు, నాలుగు వేల రెండు వందల ఇళ్ళవి, గోనెసంచుల్లో కుట్టి హైదరాబాదు బస్సుకు వేసినాను. పిల్లల ఆసుపత్రి మా ఊరికా, వేరే ఊరికా అన్నది ఇవే తేల్చాలి. పోయిన పిల్లలెందరని అడిగితే మగ్గం నేసే ఉచ్చీరమ్మ, "ఉన్నోళ్ళను రాసుకో తల్లీ, పోయినోళ్ళతో నీకేం పని?" అనింది. అట్లాంటి వాళ్ళ గడి ఖాళీగా వదిలినాను. ఆదోని కాలేజీలో నా లెక్కలన్నీ నువ్వే చేసిపెట్టేదానివి. ఇప్పుడూ నీదే భారం.

నీ వహీదా

హైదరాబాదు, 4-7-1983

వహీదా తల్లీ,

ఫారాలన్నీ కంప్యూటరు టేపుకెక్కినాయి. ఇంత పెద్ద ఫైలును లెక్కల ప్రోగ్రాంలోకి చదివించడానికి రెండు పద్ధతులు. మొదటిదాంట్లో అంకెల మధ్య సందు చాలు, కానీ ఖాళీ వస్తే మెషీను పక్క అంకెను లాక్కుంటుంది. ఒకామెకు నలభై ఒక్క మంది పిల్లలు పోయినారట! అది ఆమె వయసు. అందరం నవ్వినాం. రెండోదాంట్లో ఏ అంకె ఎన్నో గడిలో ఉందో ముందే చెప్పాలి. తొందరగా చదివింది, ఒక్క తప్పూ చూపలేదు. దాన్నే ఎంచుకున్నాను. మీ వీధుల్లో చావులు చాలా తక్కువ, సంతోషించు. ఆసుపత్రి వేరే ఊరికి పోవచ్చు.

కృష్ణ

ఎమ్మిగనూరు, 9-7-1983

కృష్ణా,

తక్కువా? నేను ఖాళీగా వదిలిన గడిని నీ మెషీను ఏమని చదివింది? మీరు నవ్విన పద్ధతే నయం, తప్పని తానే చెప్పింది.

వహీదా

హైదరాబాదు, 13-7-1983

ప్రియమైన వహీదా,

సున్నా అని చదివింది. నేను చూసుకోవలసింది, చూసుకోలేదు. సిగ్గుగా ఉంది. అట్లాంటి ఇళ్ళు 611. ఖాళీని ఖాళీగానే చదవమని ప్రోగ్రాం మార్చినాను, కానీ ఆసుపత్రి కమిటీకి అంకెలు కావాలి. నెలాఖరులోగా మళ్ళీ అడగగలవా? ఇళ్ళ నంబర్లు జతచేసినాను.

నీ కృష్ణ

ఎమ్మిగనూరు, 22-8-1983

ప్రియమైన కృష్ణకు,

ఆసుపత్రి మాకే వచ్చిందని, ఒక్క ఇల్లు మాత్రం ఇంకా ఖాళీ అని నువ్వు రాసిన కార్డు అందింది. మిగతా ఆరు వందల పది ఇళ్ళలో ఈసారి ఎందరని అడగలేదు. పేర్లేమని అడిగినాను. ఉచ్చీరమ్మ గడప మీద కూర్చోబెట్టి మూడు పేర్లు చెప్పింది. పేర్లు లెక్కబెట్టి నీకు అంకెలు పంపినాను.

మిగిలిన 2318వ నంబరు మా ఇల్లు. ఫారం నింపింది నేనే, ఖాళీ వదిలిందీ నేనే. నీకు కూడా రాయలేదు. ఇప్పుడు ఆ అంకెతో ఎవరికీ పని లేదు కాబట్టి చెప్పగలుగుతున్నాను.

పేరు సైదా. పదకొండు నెలలు. టేపులో ఎక్కించు.

నీ వహీదా