జిరాఫీ దగ్గరే కూర్చున్నాం

బావగారికి,

"జూకెళ్లి ఒక్క జిరాఫీనే చూశారా? మిగతా టైమంతా గాడిదలు కాశారా?" అని నిన్న మీరు నవ్వితే, అలవాటు ప్రకారం తల వంచుకున్నాను. కాగితం మీద వంచుకోను.

అవును, బోర్డులు చూపించి జంతువుల పేర్లు బట్టీ పట్టించలేదు. జిరాఫీ ఎదురుగా బెంచీ మీదే కూర్చున్నాం. చాలాసేపటికి మీ అమ్మాయి ఎగిరి గంతేసింది. "పిన్నీ, మింగిన ముద్ద మళ్లీ మెడలోంచి పైకొస్తోంది!" క్లాసులో నోరు విప్పదని మీరు బాధపడే ఆ పిల్లే పరుగెత్తుకెళ్లి, నమిలిందే ఎందుకు నములుతోందని మేత వేసే ఆయన్ని అడిగింది.

ఇక నాతో పంపనన్నారు. వచ్చే ఆదివారం నేను వస్తాను, మీరు పంపుతారు. ఒంటె కూడా నెమరేస్తుందా అని తన అనుమానం. జవాబు నాకు తెలుసు, చెప్పలేదు. దయచేసి మీరూ చెప్పకండి.

మీ మరదలు