అన్న పేరు మీద కమాను

నాన్సీ, 1909 నవంబరు

నాన్నకి,

నేనెక్కడున్నానో అమ్మకి చెబితే మీరామెను వేధించి రాబడతారు. అందుకే నేరుగా మీకే రాస్తున్నాను. ఇక్కడ ఒక వాయిద్యాల దుకాణం వెనక గదిలో ఉంటున్నాను. తిరిగి రాను.

మొన్న ఆదివారం భోజనాల దగ్గర జరిగింది మీకు చిన్న విషయం. పారిస్ నుంచి వచ్చిన ఆ వయొలిన్ విద్వాంసుడు, వాయిస్తుంటే తీగ మీద ఇంత నిబ్బరంగా నిలిచే కమాను తన జన్మలో పట్టలేదన్నాడు. ఎవరు చేశారని అడిగాడు. సూప్ వడ్డిస్తున్న నేను మీ ముఖంలోకి చూశాను. మీరు పళ్ళెంలోకి చూస్తూ "మా ఫిర్మిన్" అన్నారు. అన్నయ్య సిగ్గు లేకుండా తల వంచి ఆ మెప్పు అందుకున్నాడు.

ఆ కమానుకి బ్రెజిల్ ఎర్రకర్రని ఏరింది నేను. నిప్పుల మీద కాచి, కొంచెం కొంచెంగా వంపు తెచ్చింది నేను. బొటనవేలి మీద బొబ్బ ఇంకా మానలేదు. అన్నయ్య చేసిందల్లా దాని మీద తన పేరు ముద్ర కొట్టడం. పెరట్లో నిలదీస్తే మీరేమన్నారు? "ఆడదాని పేరున్న కమాను ఎవడు కొంటాడే? వెళ్ళి గిన్నెలు కడుక్కో."

ఆ మాట విన్నాకే పెట్టె సర్దుకున్నాను. ఇకమీద నా కర్ర మీద నా పేరే ఉంటుంది. మీ ఇంటిపేరు కూడా నాకక్కర్లేదు.

ఒడీల్

మిర్‌కూర్, 1910 ఫిబ్రవరి

ఒడీల్‌కి,

నీ పొగరు తగ్గలేదని ఉత్తరం చూస్తేనే తెలిసింది. నిన్ను బతిమాలడానికి రాయడం లేదు.

ఆ పారిస్ పెద్దమనిషి మళ్ళీ వచ్చాడు. అచ్చం అలాంటిదే ఇంకో కమాను కావాలట. తన కళ్ళముందే వంచమన్నాడు. మీ అన్న నిప్పుల దగ్గర చెమటలు కక్కాడు. కర్ర ఫట్‌మని విరిగింది. ఇంకోటి తీశాడు, అదీ అంతే. నేను పూనుకుందామంటే నా చేతుల వణుకు నీకు తెలిసిందే. ఇక దాచలేక, ఆ మొదటి కమాను మా అమ్మాయి చేసిందని చెప్పాను. ఆ పారిస్ వాడు నవ్వాడు.

"ఆ సూప్ వడ్డించిన పిల్లా? నీకేమైనా మతి పోయిందా ముసలాయనా?"

ఫిర్మిన్ కూడా వాడితో కలిసి నవ్వాడు.

నేను అంటే అన్నాను, నా కూతురిని అనడానికి వాడెవడు? టోపీ వాడి చేతిలో కుక్కి వీధిలోకి గెంటాను. వాడు వెళ్తుంటే వెనక నుంచి నీ చిరునామా అరిచి చెప్పాను. మీ అన్న ముద్ర లాక్కుని ఏట్లో పారేశాను. వాడిప్పుడు దుంగలు కోస్తున్నాడు.

నేను తప్పు చేశానని ఒప్పుకోను. నువ్వు చెప్పకుండా పోవడం మాత్రం ముమ్మాటికీ తప్పే. కానీ అలాంటి కమాను ఇంకెవరూ చేయలేరు, ఆ పారిస్ వాడికి వేరే గతి లేదు, రేపో మాపో నీ గుమ్మంలో నిలబడతాడు. ఆ కమాను ఎవరి చేతిదో వాడు తన నోటితో అనేదాకా నువ్వు ఉలి ముట్టావో, నా కూతురివే కాదు.

ఇష్టమున్నా లేకున్నా నీ తండ్రి,
థియోఫిల్